పీఎస్5, ఎక్స్‌బాక్స్‌కి వైర్‌లెస్ హెడ్‌సెట్ కొంటున్నారా? 'బ్లూటూత్' అని చూసి బుక్ చేశారో.. బూడిదలో పోసిన పన్నీరే!

పండగ సేల్ మొదలైతే చాలు, గేమింగ్ హెడ్‌సెట్ల మీద ఆఫర్లే ఆఫర్లు. రంగురంగుల లైట్లు, పొడవాటి మైక్, బాక్స్ మీద 'లో లేటెన్సీ గేమింగ్ మోడ్' అనే స్టిక్కర్.. ధర చూస్తే రెండు వేల లోపే. ఇంకేముంది, టక్కున బుక్ చేసేస్తారు. తీరా ఇంటికొచ్చాక పీఎస్5కి ఎంత కనెక్ట్ చేద్దామన్నా అవ్వదు. పీస్ పాడైందేమో అనుకుని రీప్లేస్‌మెంట్ పెడతారు. కొత్తది వస్తుంది. అదీ అంతే!

అసలు విషయం ఏంటంటే.. హెడ్‌సెట్‌లో ఏ లోపమూ లేదు. సోనీ పీఎస్4, పీఎస్5 గానీ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ గానీ మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్లను నేరుగా తీసుకోవు. పీఎస్5లో బ్లూటూత్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ అది కంట్రోలర్ లాంటి వాటి కోసం. పాటలు వినే హెడ్‌ఫోన్ల కోసం కాదు.

ఫోన్‌లో బాగానే పనిచేస్తుంది కదా?

చాలామందికి వచ్చే డౌట్ ఇదే. బ్లూటూత్‌లో సౌండ్‌ను ముందు కుదించి, పంపి, అవతల మళ్లీ విప్పి వినిపించాలి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఈ తతంగానికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పట్టడం మామూలే. ఫోన్‌లో వీడియో చూసేటప్పుడు మనకు ఈ తేడా తెలీదు. ఎందుకంటే యాప్ ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి బొమ్మను కూడా కాస్త ఆపి చూపిస్తుంది. గేమ్‌లో ఆ పప్పులు ఉడకవు. మీరు బటన్ నొక్కిన మరుక్షణం బొమ్మ కదలాల్సిందే కాబట్టి దాన్ని ఆపడానికి వీల్లేదు. సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడిచే గేమ్‌లో 200 మిల్లీసెకన్లు అంటే 12 ఫ్రేమ్‌లు. క్రికెట్ 24 ఆడుతుంటే బంతి బ్యాట్‌కు తగిలి కాస్త దూరం వెళ్లాక 'టక్' మని వినిపిస్తుంది. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి షూటింగ్ గేమ్‌లో అయితే వెనక అడుగుల చప్పుడు వినేసరికే మీ పని అయిపోతుంది.

ఇంకో చిక్కు మైక్‌తో. ఫోన్‌లో బీజీఎంఐ ఆడుతూ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ చేసి చూడండి. అప్పటిదాకా బ్రహ్మాండంగా ఉన్న సౌండ్ ఒక్కసారిగా ఫోన్ కాల్‌లా పలచబడిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో మంచి సౌండ్, మైక్ రెండూ ఒకేసారి నడవకపోవడమే దీనికి కారణం. ఫ్రెండ్స్‌తో మాట్లాడుకుంటూ ఆడేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. స్టిక్కర్ మీద ఉన్న 'లో లేటెన్సీ మోడ్' కూడా ఫోన్‌తో వాడుకోవడానికి ఉద్దేశించిందే. కన్సోల్ బ్లూటూత్‌నే ఒప్పుకోనప్పుడు ఆ మోడ్‌తో పనేముంది?

వెతకాల్సిన మాట '2.4 గిగాహెర్ట్జ్'

కన్సోల్‌కి పనికొచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్‌తో పాటు బాక్స్‌లో చిన్న యూఎస్‌బీ డాంగిల్ ఒకటి వస్తుంది. దాన్ని కన్సోల్‌కి గుచ్చితే చాలు, హెడ్‌సెట్ నేరుగా దానితో మాట్లాడుకుంటుంది. ఆలస్యం చెవికి తెలియనంత తక్కువ. మైక్ ఆన్ చేసినా సౌండ్ పాడవదు. కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు '2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్', 'యూఎస్‌బీ డాంగిల్' అనే మాటలు ఉన్నాయా లేదా అన్నది ముందు చూడాలి. అవి లేకుండా ఉత్త 'వైర్‌లెస్' అని మాత్రమే ఉంటే అది బ్లూటూతే అనుకోండి.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. డాంగిల్ ఉన్న ప్రతి హెడ్‌సెట్టూ ప్రతి కన్సోల్‌కీ పనిచేయదు. డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మీ కన్సోల్ ఏది?

పీఎస్5, పీఎస్4 ఉన్నవాళ్లకు కాస్త నయం. చాలా కంపెనీల యూఎస్‌బీ డాంగిల్స్ వీటికి పనిచేస్తాయి. ఎక్స్‌బాక్స్ దగ్గరే అసలు పేచీ. మైక్రోసాఫ్ట్‌కి సొంత వైర్‌లెస్ పద్ధతి ఉంది. ఆ కంపెనీ అనుమతితో తయారైన హెడ్‌సెట్లు మాత్రమే ఎక్స్‌బాక్స్‌కు వైర్‌లెస్‌గా కనెక్ట్ అవుతాయి. పీఎస్5లో చక్కగా పనిచేసే డాంగిల్‌ను తీసుకెళ్లి ఎక్స్‌బాక్స్‌కి పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. అందుకే ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు బాక్స్ మీద 'డిజైన్డ్ ఫర్ ఎక్స్‌బాక్స్' అనే గుర్తు ఉంటేనే ముందుకు వెళ్లండి.

ఉదాహరణకు లాజిటెక్ జీ435. బరువు కేవలం 165 గ్రాములు, బ్యాటరీ 18 గంటల దాకా వస్తుందని కంపెనీ మాట. పీఎస్5, పీఎస్4, పీసీలకు డాంగిల్‌తో, ఫోన్‌కి బ్లూటూత్‌తో పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్‌కి మాత్రం పనికిరాదు. పైగా దీనికి 3.5 ఎంఎం జాక్ కూడా లేదు, అంటే వైరుతో అయినా వాడుకుందామంటే కుదరదు. రేజర్ బారాకుడా ఎక్స్ బరువు 250 గ్రాములు. దీని డాంగిల్ టైప్-సీ, మైక్ ఊడదీసుకోవచ్చు, 3.5 ఎంఎం వైరు పెట్టుకునే వీలుంది. ఎక్స్‌బాక్స్‌కైతే ఆ వైరే దిక్కు. మైక్రోసాఫ్ట్ సొంత 'ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ హెడ్‌సెట్' 312 గ్రాములు. డాంగిల్ అక్కర్లేకుండా ఎక్స్‌బాక్స్‌కి నేరుగా కనెక్ట్ అవుతుంది, కానీ పీఎస్5కి వైర్‌లెస్‌గా పనిచేయదు.

ఒకే పేరుతో రెండు మూడు వెర్షన్లు అమ్మడం ఇంకో గందరగోళం. స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ నోవా 5నే తీసుకోండి. 5పీ అనేది ప్లేస్టేషన్ వాళ్లకు, 5ఎక్స్ అనేది ఎక్స్‌బాక్స్ వాళ్లకు. ఇందులో 5ఎక్స్ పీఎస్5కి కూడా పనిచేస్తుంది గానీ 5పీ ఎక్స్‌బాక్స్‌కి వైర్‌లెస్‌గా పనిచేయదు. సేల్‌లో చివరి అక్షరం చూడకుండా తక్కువకు వస్తోందని నొక్కేస్తే అంతే సంగతులు. ఇంట్లో రెండు కన్సోల్స్ ఉన్నా, రేపు మారే ఆలోచన ఉన్నా ఎక్స్‌బాక్స్ వెర్షనే అడగండి. అది పీఎస్5కి కూడా పనిచేస్తుందో లేదో కంపెనీ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

నింటెండో స్విచ్ మన దగ్గర తక్కువ మంది చేతుల్లోనే కనిపిస్తుంది. దానికి 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో బ్లూటూత్ ఆడియో వచ్చింది. కానీ బ్లూటూత్ మైక్ పనిచేయదు. టైప్-సీ డాంగిల్ ఉన్న హెడ్‌సెట్ దీనికి మేలు.

బడ్జెట్ మరీ తక్కువా? ఇలా చేయండి

రెండు మూడు వేలే చేతిలో ఉంటే మా మాటగా ఒకటి చెప్తాం.. వైర్‌లెస్ జోలికి వెళ్లకండి. పీఎస్5 కంట్రోలర్‌కీ, ఇప్పటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకీ కింద 3.5 ఎంఎం జాక్ ఉంటుంది. మైక్ ఉన్న వైర్డ్ హెడ్‌సెట్ దానికి పెడితే ఆలస్యం గొడవ ఉండదు, ఛార్జింగ్ గొడవా ఉండదు. కంట్రోలర్ ఎలాగూ వైర్‌లెస్సే కాబట్టి వైరు మీ చేతుల నుంచి చెవుల దాకా మాత్రమే. టీవీ దాకా లాగే పనిలేదు. ఇంట్లో డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఫోన్ ఇయర్‌ఫోన్స్ తీసి ముందు అది ట్రై చేయండి, పైసా ఖర్చు లేదు. అదే డబ్బుకు వచ్చే వైర్‌లెస్ కంటే వైర్డ్ హెడ్‌సెట్‌లో సౌండ్, మైక్ సాధారణంగా మెరుగ్గానే ఉంటాయి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఇప్పటికే కొనేశారా? మీ స్మార్ట్ టీవీలో బ్లూటూత్ ఉంటే హెడ్‌ఫోన్స్‌ను టీవీకి కనెక్ట్ చేయొచ్చు. మైక్ పనిచేయదు. పీఎస్5 కంట్రోలర్‌లోనే మైక్ ఉంది కాబట్టి మాటలకు దాన్ని వాడుకోవచ్చు. ఆలస్యం మాత్రం ఉంటుంది. కథ ఉన్న గేమ్‌లు నిదానంగా ఆడుకునేవాళ్లకు సర్దుకుపోవచ్చేమో గానీ ఆన్‌లైన్ మ్యాచ్‌లకు పనికిరాదు.

7.1 స్టిక్కర్‌కి ఎక్కువ డబ్బులు పెట్టకండి

'7.1 సరౌండ్' అని పెద్దక్షరాలతో రాసి రేటు పెంచుతుంటారు. పీఎస్5లో టెంపెస్ట్ త్రీడీ ఆడియో ఉంది. అది ఏ మామూలు స్టీరియో హెడ్‌సెట్‌తోనైనా పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో విండోస్ సోనిక్ ఉచితం. డాల్బీ అట్మాస్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ముందు, వెనక, పైన అనే లెక్కలన్నీ కన్సోలే చూసుకుంటుంటే హెడ్‌సెట్ మీద ఆ స్టిక్కర్‌కి వెయ్యి ఎక్కువ ఇవ్వడం దండగ.

ఆ డబ్బు కుషన్ల మీద, బరువు మీద పెట్టండి. మే నెలలో విజయవాడ ఎండలకు రెక్సిన్ కుషన్లు చెవులకు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. గుడ్డ కుషన్లు ఉన్నవి కాస్త గాలి ఆడతాయి. రెక్సిన్ అయితే కొన్నాళ్లకు పొట్టులా రాలిపోతుంది కూడా. విడిగా కుషన్లు దొరికే మోడలా కాదా అన్నది చూసుకోండి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు బిగుతుగా పట్టేసే హెడ్‌సెట్ తీసుకుంటే కణతల దగ్గర నొప్పి ఖాయం. షోరూమ్‌లో పెట్టుకుని చూసే అవకాశం ఉంటే పది నిమిషాలు అలాగే ఉంచి చూడండి, సేల్స్‌మన్ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

డాంగిల్ జాగ్రత్త. అది పోతే విడిగా దొరకడం చాలా కష్టం. గోరంత ఉంటుంది, ఇల్లు ఊడ్చేటప్పుడు చెత్తలోకి వెళ్లిపోతే హెడ్‌సెట్ మూలన పడ్డట్టే. వీలైనంత వరకు కన్సోల్‌కే ఉంచేయండి.

మధ్యమధ్యలో సౌండ్ తెగుతోందా? 2.4 గిగాహెర్ట్జ్ మీదే మీ వైఫై కూడా నడుస్తుంటుంది. రూటర్‌ని కన్సోల్ పక్కన పెట్టకండి, వీలైతే కన్సోల్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. పీఎస్5 స్లిమ్‌లో ముందువైపు రెండూ టైప్-సీ పోర్టులే, పాత తరహా పెద్ద యూఎస్‌బీ డాంగిల్‌ను వెనక పెట్టాల్సి వస్తుంది. అప్పుడు చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను ముందుకు తెచ్చి చూడండి, చాలావరకు సమస్య తీరిపోతుంది.

పిల్లలకు కొంటుంటే..

వాల్యూమ్ సంగతి మర్చిపోవద్దు. పెద్దలు 80 డెసిబెల్స్ సౌండ్‌ను వారానికి 40 గంటలకు మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకైతే అదే 40 గంటలకు 75 డెసిబెల్సే హద్దు. శబ్దం పెరిగే కొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు పక్కనుంచి మామూలు గొంతుతో పిలిస్తే పిల్లాడికి వినపడకపోతే వాల్యూమ్ ఎక్కువైందనే అర్థం.

అమెరికా నుంచి తెప్పించుకుంటున్నారా?

అక్కడ తక్కువకు వస్తోందని బావతోనో, అన్నయ్యతోనో తెప్పించుకునేవాళ్లు మన దగ్గర చాలామందే. తప్పేం లేదు గానీ వారంటీ చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి. సూట్‌కేసులో వచ్చిన హెడ్‌సెట్ ఆర్నెల్లకు ఛార్జింగ్ ఎక్కకపోతే ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో చేతులెత్తేసే అవకాశమే ఎక్కువ. ఇక్కడే కొంటుంటే బాక్స్ మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉన్నాయో లేదో చూడండి. వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకు మన దేశంలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పార్శిల్ రాగానే బాక్స్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. అదే రోజు కన్సోల్‌కి పెట్టి, పీఎస్5 అయితే సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ లెవెల్ దగ్గర మాట్లాడి చూడండి, ఎక్స్‌బాక్స్ అయితే ఫ్రెండ్‌తో పార్టీ చాట్ పెట్టి గొంతు ఎలా వినిపిస్తోందో అడగండి. రిటర్న్ గడువు చాలా సైట్లలో వారం, పది రోజులే. ఆదివారం తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.