చాందా నల్లరాయి, గోదారి నల్లరాయి

చంద్రపూర్ (పాత పేరు చాందా) అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి బొగ్గు గనులు, సిమెంటు, తాడోబా పులులు. అదే జిల్లాలో తెలంగాణ సరిహద్దు వైపున్న రాజురా, జివతి దిక్కున నల్లరాయి కనిపిస్తుంది. నిజాం కాలంలో రాజురా ఆదిలాబాద్ జిల్లాలోదే కాబట్టి అది మనకు కొత్త రాయేమీ కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా అది. దక్కన్ ట్రాప్స్ అనే ఆ లావా పరుపు నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు కప్పి ఉంది. చంద్రపూర్ దాని తూర్పు అంచు.

ఇలాంటి రాయిని పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే స్ఫటికాలు బయటపడతాయి. సన్నవి లావా నేల మీద చల్లారుతుండగా కట్టినవి. పెద్దవాటిలో చాలామటుకు అంతకుముందే, భూగర్భంలోని శిలాద్రవంలో పెరిగినవి. చెట్టు కాండంలోని వలయాల్లా వాటికి పొరలుంటాయి. కింది నుంచి కొత్త శిలాద్రవం వచ్చి కలిస్తే, ఆ తర్వాత కట్టే పొర రసాయనం మారిపోతుంది. రెండు పొరల నడుమ గీత మొదట్లో పదునుగా ఉంటుంది. వేడిలో ఉన్నన్నాళ్ళూ పరమాణువులు అటూ ఇటూ జారి అది మసకబారుతుంది, రాయి చల్లారగానే ఆ మార్పు ఆగిపోతుంది. ఎంత మసకబారిందో కొలిస్తే, కొత్త ద్రవం చేరిన ఎన్నాళ్ళకు అగ్నిపర్వతం పేలిందో లెక్క కట్టవచ్చు.

ఆ లెక్కల్లో వేగానికి పేరు కోస్టారికాలోని ఇరాజు అగ్నిపర్వతానిది. 1963లో మొదలైన దాని విస్ఫోటనం తాలూకు ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాల్లో నికెల్ పొరలు సర్దుకోనే లేదు. అంటే శిలాద్రవం సుమారు 35 కిలోమీటర్ల లోతు నుంచి కొద్ది నెలల్లోనే పైకి వచ్చేసింది! గ్రీసులోని సాంటొరిని మరీ విడ్డూరం. కంచుయుగంలో జరిగిన అంత పెద్ద పేలుడుకు కావలసిన సరుకు చివరి వందేళ్ళలోపే పెద్ద మొత్తంలో వచ్చి చేరిందని 2012లో తేల్చారు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, అమెరికాలోని సెయింట్ హెలెన్స్ స్ఫటికాల పొరలు 1980ల నాటి భూకంపాల, వాయువుల నమోదులతో సరిపోయాయి. నా లెక్కలో అసలు విశేషం అదే: రాయి చెప్పినదాన్ని యంత్రాలు రుజువు చేశాయి.

పరిమాణంలో మనమూ తక్కువ తినలేదు. మహారాష్ట్రలో అతి ఎత్తయిన కల్సుబాయి శిఖరం పేరు పెట్టిన లావా పొరల్లో ప్లాజియోక్లేజ్ అనే ఖనిజపు స్ఫటికాలు కొన్ని సెంటీమీటర్ల పొడవున, భూతద్దం అక్కర్లేకుండా కనిపిస్తాయి. అవి అంతగా పెరగడానికి వందల ఏళ్ళు, బహుశా వెయ్యేళ్ళకు పైగా పట్టి ఉంటుందని ఒక అంచనా. అయితే పెద్దపీట అంటార్కిటికాలోని ఎరెబస్‌కే వెయ్యాలి. అక్కడి స్ఫటికాలు 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, అగ్నిబిలం అంచున నేల మీద చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

స్ఫటికాలను వదిలి లావా పారిన దూరం చూస్తే మాత్రం, రికార్డు బహుశా గోదావరి తీరానిదే. రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల నల్లరాయికీ, దక్కన్ ట్రాప్స్ అంచుకీ మధ్య దాదాపు 400 కిలోమీటర్లు ఖాళీ. ఇక్కడిది ఇక్కడే పుట్టిన లావా అని వాదించినవారున్నారు. కానీ దాని రసాయనం, వయసు, అయస్కాంత గుణం పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ వైపు పొరలతో కలుస్తాయని, పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిందని 2008లో అగ్నిపర్వత శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్ బృందం ప్రతిపాదించింది. అదే నిజమైతే భూమి మీద తెలిసినంతలో అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే. అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చింది? గట్టిపడిన పైపెచ్చు దుప్పటిలా కప్పితే లోపలి లావా కిలోమీటరుకు అతి కొద్దిగా మాత్రమే చల్లారుతుంది. అది చేరిన చోటు ఎలాంటిదో కూడా రాతిలోనే ఉంది: రెండు లావా పొరల నడుమ చిక్కిన సున్నపురాతిలో ఆల్చిప్పల శిలాజాలు దొరికాయి. అప్పటి సముద్రతీరం అక్కడే.