సిగ్నల్ లేని చోట నీలిచుక్క

ఉన్న సెలవులన్నీ ఇండియా ప్రయాణానికి దాచుకునే వాళ్ళం మనం. మధ్యలో వచ్చే లాంగ్ వీకెండ్లకు ఇంటిపట్టునే ఉండి, చుట్టుపక్కల కొండలూ పార్కులూ చూసి రావటాన్ని ఇక్కడ ‘స్టేకేషన్’ అంటారు. విమానం టిక్కెట్లు అక్కర్లేదు, హోటల్ ఖర్చు లేదు, రాత్రికి ఇంటికొచ్చి హాయిగా పెరుగన్నం తినొచ్చు. బే ఏరియాలో ఉన్నవాళ్ళకి సముద్రం, రెడ్‌వుడ్ అడవి, కొండ శిఖరం అన్నీ కారులో వెళ్ళి వచ్చే దూరంలోనే ఉన్నాయి.

చిక్కల్లా ఒక్కటే. దగ్గరే కదా అని ఫోను జేబులో వేసుకుని పిల్లలతో బయల్దేరతాం. లోయలోకి దిగగానే సిగ్నల్ పోతుంది. మ్యాపు తెరిస్తే ఖాళీ గళ్ళు, వాటి మధ్యలో ఓ నీలిచుక్క! ఆ చుక్క ఎక్కణ్ణించి వస్తోంది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఈ సంగతి తెలిస్తే, బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో ఏం చేసుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

చుక్క వేరు, మ్యాపు వేరు

నీలిచుక్కకి సెల్ టవర్‌తో పనిలేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తామెక్కడున్నాయో, టైమెంతయిందో నిరంతరం చెబుతూ ఉంటాయి. ఫోను వాటికి ఏమీ పంపదు, రేడియోలా వింటుందంతే. సంకేతం రావటానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఫోను గడియారంలోని తేడా – ఇవి నాలుగు తెలియని రాశులు. నాలుగు సమీకరణాలు కావాలి కనుక కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి.

ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకి 50 బిట్ల వేగంతో పంపుతుంది. ఒకప్పటి డయలప్ మోడెం ఇంతకు వెయ్యి రెట్లు వేగం! అందుకే నెట్‌వర్క్ ఉన్నప్పుడు ఫోను ఆ వివరాలను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది. అది లేకపోతే ఆకాశం నుంచి నిదానంగా దించుకోవాలి. కాబట్టి పార్కింగ్ లాట్‌లో, ఆరుబయట, ఒకసారి మ్యాప్ యాప్ తెరిచి చుక్క కుదురుకునేదాకా ఆగి అప్పుడు నడక మొదలుపెట్టండి.

2000 మే 2 వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్‌లో కావాలని కొంత తప్పు కలిపేది. ఆ రోజుతో అది ఆపేశారు. ఇప్పుడు ఆరుబయట మామూలు ఫోను కూడా 5 మీటర్ల అటూ ఇటూలో చోటు చెప్పగలదు. లోయల్లో, పెద్ద చెట్ల కింద మాత్రం అంత నమ్మకం పెట్టుకోవద్దు. అక్కడ సంకేతాలు రాళ్ళకు తగిలి దారి మళ్ళి వస్తాయి, ఆకులు కొంత అడ్డుకుంటాయి. చుక్క చుట్టూ లేతనీలం వలయం పెద్దదైందంటే, “నేను ఇందులో ఎక్కడో ఉన్నాను” అని ఫోను ఒప్పుకుంటోందని అర్థం.

అయితే చుక్క కింద ఉండాల్సిన మ్యాపు మాత్రం సర్వర్ నుంచి రావాలి. నీలిచుక్క ఉండి మ్యాపు లేకపోవటానికి కారణం ఇదే.

ముందు రాత్రి చేసుకోవాల్సిన పని

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మ్యూర్ వుడ్స్‌ని చూడండి. 2018 జనవరి నుంచి అక్కడ పార్కింగ్‌కి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అక్కడేమో సెల్ సిగ్నల్ ఉండదు! రిజర్వేషన్ ఈమెయిల్లో ఉంది కదా అనుకుంటే, గేటు దగ్గర ఆ ఈమెయిల్ తెరుచుకోదు. రిజర్వేషనూ, మ్యాపూ, ఇంటికి తిరిగొచ్చే దారీ మూడూ ఇంట్లోనే దించుకోవాలి.

కారు దారికి పనికొచ్చే మ్యాపులో కాలిబాటలన్నీ ఉండవు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాలంటీర్లు గీసిన ట్రెయిల్స్ చాలా ఉన్నాయి. దాని ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఉచిత యాప్‌లు ఒక ప్రాంతం మొత్తాన్ని ఫోనులోకి దించుకుంటాయి. ఒక్క జాగ్రత్త! జనం అడ్డంగా తొక్కేసిన అనధికార బాటలు కూడా అందులో కనిపించొచ్చు. పార్కు వాళ్ళ సొంత మ్యాపుతో ఒకసారి పోల్చుకోండి.

మైళ్ళు చూసి మోసపోవద్దు

అలిపిరి నుంచి తిరుమలకి నడిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మోకాళ్ళ పర్వతం దగ్గర గుర్తొచ్చేది దూరం కాదు, ఎత్తు. మ్యాపులో ఎత్తు చెప్పేవి కాంటూర్ గీతలు. ఒక్కో గీత పొడవునా ఎత్తు ఒకటే. యుఎస్‌జీఎస్ మ్యాపుల్లో గీతకీ గీతకీ మధ్య ఎత్తు తేడా చాలాచోట్ల 40 అడుగులు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిట్టూర్పులు, ఎడంగా ఉంటే కబుర్లు!

ఫ్రీమాంట్ తెలుగువాళ్ళకి బాగా తెలిసిన మిషన్ పీక్ ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి పైకి సుమారు 3 మైళ్ళు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 2,100 అడుగులు. స్కాట్లండ్ పర్వతారోహకుడు నెయిస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ప్రతి 3 మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. రానూపోనూ 6 మైళ్ళకు 2 గంటలు, ఎత్తుకి 1 గంట, మొత్తం 3 గంటలు. ఇది చురుగ్గా నడిచే పెద్దవాళ్ళ లెక్క. పిల్లలుంటే ఒకటిన్నర రెట్లు చేసుకోమంటాను, అంటే నాలుగున్నర గంటలు. డిసెంబర్లో భోజనం చేసి 1 గంటకు బయల్దేరితే కిందికొచ్చేసరికి ఐదున్నర. సూర్యుడు 5 గంటలకు ముందే అస్తమిస్తాడు! ఎండాకాలంలో చీకటి బెడద తక్కువే గానీ, ఆ దారిలో నీడ దాదాపు ఉండదు, నీళ్ళు దండిగా కావాలి.

చిన్నపిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఉంటే అదే ఊళ్ళోని కయోటీ హిల్స్ మేలు. అక్కడి బేవ్యూ ట్రెయిల్ సుమారు 3.5 మైళ్ళ తారు బాట. ఒక పక్కన బే, ఇంకో పక్కన చిత్తడినేలల్లో పక్షులు కనిపిస్తాయి.

సిగ్నల్ పోయాక

సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీ తినేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇప్పటి ఫోన్లలో అప్పుడు కూడా జీపీఎస్ పనిచేస్తుంది, మీ ఫోను సంగతి ఇంటి ముందే పరీక్షించుకోండి. ఆపదలో 911 కాల్ మీ కంపెనీ టవరే కాకుండా ఏ కంపెనీ టవర్ అందినా వెళుతుంది. అసలు ఏ టవరూ లేనిచోట, 2022 నవంబర్ నుంచి ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళు ఉపగ్రహం ద్వారా సాయం అడగగలవు. దానికీ ఆకాశం కనిపించాలి.

టెక్నాలజీతో పనిలేని జాగ్రత్తలు రెండున్నాయి. ఏ ట్రెయిల్‌కి వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకో, స్నేహితులకో చెప్పి వెళ్ళండి. “ఇన్నింటికల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలి” అని బయల్దేరేముందే ఒక టైము నిర్ణయించుకోండి. ఆ టైము చూసే పని పిల్లలకి అప్పగించండి. శిఖరం ఇంకో పావుమైలే ఉందని మనం బేరమాడినా వాళ్ళు ఒప్పుకోరు.