బెండకు పల్లాకు తెగులు

బెండ ఆకులు పసుపు తిరిగితే కొందరు ఇంకో గుప్పెడు యూరియా చల్లుతారు. డబ్బు దండగ! ముందు ఈనెలు చూడాలి. నత్రజని చాలకపోతే ముదురాకులు మొత్తంగా పాలిపోతాయి. ఈనెలు పసుపు వలలాగా కనిపించి, మధ్యలో ఆకుపచ్చగా ఉంటే అది పల్లాకు తెగులు. కాయలు చిన్నవై పాలిపోతాయి. సంతలో ఎవరూ అడగరు.

ఇది వైరస్ తెగులు. వైరస్ కంటికి కనపడదు. దాన్ని మోసే తెల్లదోమ కనపడుతుంది. పొద్దున్నే ఆకు మెల్లగా తిప్పితే అడుగున నువ్వుగింజ కన్నా చిన్నగా ఉంటుంది. తెగులు మొక్క రసం పీల్చి, మంచి మొక్కకు అంటిస్తుంది.

తెగులొచ్చిన మొక్కకు మందు లేదు. ఒకటీ రెండూ ఉండగానే పీకి కాల్చెయ్యాలి. పాత డబ్బాకు పసుపు రంగేసి, ఆముదం పూసి, మొక్కల ఎత్తున కర్రకు తగిలించాలి. పసుపంటే దోమకు ఇష్టం. వచ్చి అంటుకుంటుంది.