రాసేటప్పుడు చెవిలో పాట

వాక్యం కాగితం మీదికి రాకముందే ఒకసారి లోపల వినిపిస్తుంది. కలంతో రాసినా, కంప్యూటర్‌లో కొట్టినా ఈ సంగతి మారదు. రాసేవారు తర్వాతి మాటను పెదవి కదపకుండా తమలో తాము పలికి చూసుకుంటారు, నప్పకపోతే మార్చుకుంటారు. రాతలో చేతికి ఎంత పని ఉందో చెవికీ అంత పని ఉంది. అందుకే గదిలో మోగే పాట, పక్కింటి టీవీ సీరియల్, వీధిలో పాత ఇనుప సామాన్ల బండి మైకు మిగతా పనుల కంటే రాతకు ఎక్కువగా తగులుతాయి. అంట్లు తోముకుంటూనో, బట్టలు మడతపెట్టుకుంటూనో పాట వింటే పని తేలిగ్గా సాగిపోతుంది. రాసేవారికి అదే పాట ఒక్కోసారి తోడు, ఒక్కోసారి పోటీ.

పోటీ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే వర్కింగ్ మెమరీ గురించి కొంత తెలియాలి. అప్పటికప్పుడు కావలసిన సంగతులను కాసేపు పట్టి ఉంచి, వాటితో పని చేయించుకునే జ్ఞాపకం ఇది. బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో దీనికి ఒక నమూనా గీశారు. అందులో శబ్దాల కోసం ఒక చిన్న అర ఉంటుంది. ఎవరైనా ఫోన్ నంబరు చెబితే, కాగితం దొరికేదాకా మనసులో పదేపదే అనుకుంటూ ఉండటం ఆ అర చేసే పనే. దానిలో పట్టేది బహు తక్కువ, దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినంత. తెలుగు వాక్యానికి ఈ అర అవసరం ఇంకాస్త ఎక్కువేమో అనిపిస్తుంది. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవన్నీ ముందు వచ్చి క్రియ చివర వస్తుంది. పొడుగు వాక్యం ఎత్తుకున్నవారు ఆ క్రియ చేరేదాకా మొదటి మాటను జారవిడవకూడదు. మధ్యలో ఎవరో గొంతెత్తి పాడారంటే, ఏకవచనంలో బయల్దేరిన కర్తకు బహువచనంలో క్రియ తగులుకుంటుంది.

చెవిన పడిన మాట ఈ అరలోకి అడగకుండానే దూరుతుంది. అమెరికాలో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో దీన్ని పరీక్షకు పెట్టారు. కళ్లతో చూసిన అక్షరాల వరసను విద్యార్థులు గుర్తుపెట్టుకుని చెప్పాలి, వెనక జర్మన్ భాషలో ఒక పాఠం చదివి వినిపిస్తూ ఉంటారు. దాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పినా, జర్మన్ అర్థం కాకపోయినా తప్పులు పెరిగాయి. తర్వాత బ్యాడ్లీ, ఆయన సహచరుడు సలమే చేసిన ప్రయోగాల్లో గాత్రం ఉన్న సంగీతం, వాద్య సంగీతం కంటే ఎక్కువ చెరుపు చేసినట్టు తేలింది. ఇక్కడ చాలామంది అనుకునేదానికి విరుద్ధమైన సంగతి ఒకటుంది. మామూలుగా మాట్లాడుకునే స్థాయిలో శబ్దం కొంచెం పెరిగినా తగ్గినా ఈ చెరుపులో పెద్ద తేడా రాదు. కాబట్టి సౌండ్ తగ్గించి పెట్టుకుంటే సరిపోతుందన్న మాట గొంతున్న పాటకు అంతగా వర్తించదు.

అసలు దోషం మాటదేనా, మార్పుదా? వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో డిలన్ జోన్స్ బృందం ఈ ప్రశ్నను పట్టుకుంది. ఒకే అక్షరం అదే పనిగా వినిపిస్తే జ్ఞాపకానికి పెద్దగా ఇబ్బంది లేదు. వేరువేరు అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తే మాత్రం ఇబ్బంది. క్షణక్షణం మారే శబ్దం వెంట చెవి దానంతటది పోతుంది. ఒకే తీరున సాగేదాన్ని కాసేపటికి వదిలేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ దాని చప్పుడు ఎవరికీ గుర్తుండదు, కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన క్షణంలో అందరూ తలెత్తి చూస్తారు.

మారే శబ్దానికి అర్థం కూడా తోడైతే కష్టం రెట్టింపు. సొంత భాషలో మాట వినిపిస్తే మనసు దాన్ని అర్థం చేసుకోకుండా ఉండలేదు. అందులోనూ సగం వినిపించే మాట మరీ ప్రమాదం. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఇద్దరి సంభాషణ పూర్తిగా విన్నప్పటి కంటే ఫోన్లో ఒకవైపు మాట మాత్రమే విన్నప్పుడు పనిలో తప్పులు ఎక్కువయ్యాయి. అవతలివారు ఏమని ఉంటారో ఊహించి పూరించుకునే పని మనసు నెత్తిన వేసుకుంటుంది. బస్సులో పక్క సీటువారి ఫోన్ సంభాషణ కండక్టర్ కేకల కంటే ఎక్కువ విసిగించడానికి కారణం ఇదే కావచ్చు.

ఇవన్నీ జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు పెట్టిన పరీక్షలు. నేరుగా రాత మీదే జరిగిన పరిశోధనల్లో తరచూ ఉదాహరించేది అమెరికాలో రాన్స్‌డెల్, గిల్‌రాయ్ 2001లో ప్రచురించినది. 45 మంది కాలేజీ విద్యార్థులతో కంప్యూటర్ మీద వ్యాసాలు రాయించారు, సంగీతం పెట్టి కొంత, నిశ్శబ్దంలో కొంత. సంగీతం ఉన్నప్పుడు రాత వేగం గంటకు దాదాపు 60 మాటల చొప్పున తగ్గింది. పాడే గొంతు లేని సంగీతం కూడా వేగాన్ని తగ్గించింది. తీరిగ్గా కథ రాసుకునేవారికి గంటకు 60 మాటలు పోవడం పెద్ద నష్టం కాదు. మూడు గంటల పరీక్ష హాల్లో కూర్చున్నవారికైతే అది ఒక చిన్న జవాబంత.

ఇలాంటి ప్రయోగాలను గుదిగుచ్చి చూసిన సమీక్షలూ వచ్చాయి. 2011లో జర్మనీ పరిశోధకులు చేసిన సమీక్షలో నేపథ్య సంగీతం ప్రభావం మొత్తం మీద సున్నాకు దగ్గరగా తేలింది. అలాగని సంగీతం ఏమీ చేయదని కాదు. వ్యాయామానికి, మనోభావాలకు మేలు చేసింది, చదవడానికి చెరుపు చేసింది. ఒకటి కూడి ఒకటి తీసేస్తే సున్నా మిగిలింది. చదవడం మీదే చేసిన 2018 సమీక్ష ప్రకారం చప్పుడు, మాట, సంగీతం మూడూ కొద్దికొద్దిగా ఇబ్బంది పెడతాయి. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది అర్థమయ్యే మాటతో, సాహిత్యమున్న పాటతో. రాసేవారు తాము రాసింది మళ్లీమళ్లీ చదువుకుంటూనే ముందుకు పోతారు గనుక ఈ ఫలితం వారికీ చెల్లుతుంది.

మరి పాట లేనిదే కలం కదలదనేవారు ఇంతమంది ఎందుకున్నారు? వారు చెప్పేది అబద్ధం కాదు. దీనికి జవాబు ‘మొజార్ట్ ప్రభావం’ అనే పేరుతో ప్రపంచమంతా పాకిన ఒక కథలో దొరుకుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో ఫ్రాన్సిస్ రౌషర్, మరిద్దరు 1993లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. 36 మంది విద్యార్థులు రెండు పియానోల కోసం మొజార్ట్ కట్టిన సొనాటా పది నిమిషాలు విన్నాక, ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో మెరుగ్గా చేశారు. ఆ మెరుగు నిలిచింది పది, పదిహేను నిమిషాలే. కానీ వార్త పత్రికలకెక్కేసరికి మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్నదాకా పోయింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి 1,05,000 డాలర్లు బడ్జెట్లో పెట్టమన్నారు. ఆ పరీక్ష రాసినవారు పసిపిల్లలు కారు, కాలేజీ విద్యార్థులన్న సంగతి అప్పటికి ఎవరికీ పట్టలేదు.

గుట్టు 2001లో కెనడా పరిశోధకులు విప్పారు. హుషారైన మొజార్ట్ బదులు ఆల్బినోని పేరిట ప్రసిద్ధమైన నెమ్మదైన, విషాదమైన అడాజియో వినిపిస్తే ఆ మెరుగు కనిపించలేదు. విన్నవారి ఉత్సాహాన్ని, మనసు తీరును లెక్కలోకి తీసుకోగానే మొజార్ట్ గొప్ప దాదాపు మాయమైంది. సంగీతం తెలివిని పెంచలేదు, మనిషిని పనికి సిద్ధం చేసింది. రాసేవారికి పాట చేసే అసలు మేలు ఇదే. రాత బల్ల దగ్గరికి రావడమే సగం కష్టమని రాసేవారందరికీ తెలుసు. టీ తాగి, ఫోన్ చూసి, కలం క్యాప్ తీసి పెట్టి, మళ్లీ టీ తాగి కాలం గడుపుతారు. ఆ బెంగను, బద్ధకాన్ని పాట కరిగిస్తుంది. రోజూ అదే పాటతో పని మొదలుపెట్టేవారికి దాని మొదటి స్వరం బడి గంటలా పనిచేస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టేదాకా పాట తోడు. వాక్యం కట్టడం మొదలయ్యాక అదే పాట పోటీకి వస్తుంది.

చేతిపనికి పాట తోడు కావడం పాత సంగతే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీ కార్మికుల కోసం బీబీసీ 1940లో మొదలుపెట్టిన సంగీత కార్యక్రమం 1967 దాకా నడిచింది. ఒకే పనిని మళ్లీమళ్లీ చేసేచోట విసుగును పాట తగ్గిస్తుంది. రచనలోనూ అలాంటి భాగాలున్నాయి. చిత్తుప్రతిని ఫెయిర్ చేయడం, చేతిరాతను టైపు కొట్టడం, పేజీ నంబర్లు సరిచూడటం వంటివాటికి పాట పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

హోటల్ గోల సంగతి వేరు. 2012లో రవి మెహతా, మరిద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 50 డెసిబెళ్ల కంటే 70 డెసిబెళ్ల చప్పుడులో కొత్త ఆలోచనలు మెరుగ్గా వచ్చాయి. 85 డెసిబెళ్లకు పెరిగితే దెబ్బతిన్నాయి. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. 70 అంటే జనం నిండిన కాఫీ హోటల్. ఈ ఫలితాన్ని ఆసరా చేసుకుని కాఫీ షాపు చప్పుళ్లను ఇంట్లోనే వినిపించే యాప్‌లు వచ్చాయి. అయితే ఆ పరీక్షలు కొత్త ఊహలు పుట్టించడానికి సంబంధించినవి. పుట్టిన ఊహను వాక్యంలో కూర్చడం మరో పని. పైగా 2019లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు సృజన పరీక్ష పెడితే, తెలిసిన పాట, తెలియని భాష పాట, మాటల్లేని సంగీతం మూడూ ఫలితాన్ని తగ్గించాయి. గ్రంథాలయంలో ఉండే సన్నటి సద్దు మాత్రం ఏ హానీ చేయలేదు.

హోటల్లో రాయగలిగేవారు ఇంట్లో ఎందుకు రాయలేరన్నదానికి గొంతుల లెక్క కొంత జవాబిస్తుంది. ఒక గొంతు మనసును లాగుతుంది, రెండూ లాగుతాయి. ఆరేడు గొంతులు కలిసిపోతే ఏ మాటా విడిగా తెలియక అంతా ఒక హోరవుతుంది, చెరుపు తగ్గుతుంది. ఇరానీ హోటల్లో ఇరవై మంది మాట్లాడుతున్నా కలం సాగుతుంది. ఇంట్లో ఒక్కరు ‘కూరలోకి ఏం తెమ్మంటావ్?’ అంటే ఆగిపోతుంది.

హోరుకూ రంగులున్నాయి. వినగలిగే పౌనఃపున్యాలన్నీ సమానంగా కలిసింది వైట్ నాయిస్, తెల్లని వెలుగులో రంగులన్నీ కలిసినట్టు. ట్యూన్ కాని రేడియో చేసే శబ్దం ఇలాంటిదే. కీచు స్వరాలు కొంత తగ్గితే పింక్, బాగా తగ్గితే బ్రౌన్. ఈ బ్రౌన్ రంగు పేరు కాదు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పేరు మీదుగా వచ్చింది. దూరపు జలపాతం హోరు దానికి దగ్గర. ఈ శబ్దాలు మాటలను కప్పేస్తాయి, మారకుండా ఉంటాయి. వీటి ప్రభావమూ అందరి మీదా ఒకలా లేదు. స్వీడన్‌లో 2007 నాటి అధ్యయనంలో ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న పిల్లలకు వైట్ నాయిస్ మేలు చేసింది, మిగతా పిల్లలకు అదే కీడు చేసింది. అంతర్ముఖులను పాట ఎక్కువ చెదరగొడుతుందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి.

పేరున్న రచయితల అలవాట్లు చూసి నిర్ణయించుకుందామంటే కుదరదు. థామస్ కార్లైల్ 1853లో లండన్ ఇంటి పైకప్పు మీద శబ్దం చొరబడని గది కట్టించుకున్నాడు, ఖర్చయింది గానీ నిశ్శబ్దం కుదరలేదు. వీధి సంగీతకారుల మీద లండన్ రచయితల గోడు 1864లో చట్టం దాకా వెళ్లింది. గోడు వెళ్లబోసుకున్నవారిలో డికెన్స్ ఒకడు. మార్సెల్ ప్రూస్ట్ పారిస్‌లో పడకగది గోడలకు బెండు పలకలు వేయించి రాశాడు. ఇటు చూస్తే స్టీఫెన్ కింగ్ హార్డ్ రాక్ పెట్టుకుని రాస్తానని 2000లో చెప్పాడు. ఆయనకు ఆ హోరు పాట కాదు, మూసిన తలుపు.

తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మాటల్లేవని వీణ మీదో, మాండొలిన్ మీదో త్యాగరాజ కీర్తన పెట్టుకుంటారు. సాహిత్యం నోటికి వచ్చినవారికి తీగ పలకగానే మాటలు లోపల పలుకుతాయి. గాత్రం తీసేసినా సాహిత్యం పోదు. వాద్యంలో వినిపించే పాత సినిమా పాటలదీ ఇదే తీరు. కీర్తన కంటే ఆలాపన, తానం నయం. సాహిత్యం లేకుండా పుట్టిన ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ వంటి వాద్య సంగీతమూ నయమే. బాణీకి పాట రాసే సినీ కవులకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వారికి ఆ స్వరమే ముడిసరుకు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి రాసేవారు చెవుల సంగతీ చూసుకోవాలి. పెద్దలకు 80 డెసిబెళ్ల స్థాయిలో వారానికి 40 గంటలు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక బయటి గోల విషయానికొస్తే, మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. పెళ్లి ఊరేగింపు డీజేకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పాట తనకు తోడో పోటీయో తేల్చుకోవడం ఎవరికైనా తేలికే. వారం రోజులు ఒకే వేళకు, ఒకేరకం రాత రోజుకు గంట చొప్పున రాసి చూడాలి, అరగంట పాటతో, అరగంట పాట లేకుండా. ఏది ముందన్నది రోజూ మారుస్తుండాలి. మర్నాడు రెండు భాగాలూ పైకి చదివి, ఉంచుకోదగ్గ మాటలు ఎన్నో లెక్కపెట్టాలి. కొట్టేసినవి లెక్కలోకి రావు.