కారు చక్రమునకు వెడల్పు టైరు



కారు కలిగిన యిండ్లు నేడు మన పల్లెలలోను పెక్కు కలవు. టైర్లు అరిగినపుడు, "ఎట్లును మార్చుచున్నాము గదా, కొంచెము వెడల్పువి వేయింతము, బండి నేలను గట్టిగా పట్టుకొనును, చూపునకును బాగుండును" అని యింటి పిల్లలందురు. దుకాణదారు తల యూపును. సొమ్మిచ్చువారు పెద్దలు, ఆ కారులో కూర్చుండువారు ఇంటిల్లిపాదియును. కావున ఈ మాటలో మేలెంతయో, ముప్పెంతయో పెద్దలు తెలిసికొని యుండవలెను. అందులకు ఇంజనీరు విద్య యక్కఱలేదు. హెచ్చవేతయు భాగహారమును వచ్చిన చాలును.

మొదట మనమెఱిగిన చక్రమును తలచుకొందము. చక్రపు టంచునకు నేమి యనియు, ప్రధి యనియు అమరకోశమున పేళ్లు కలవు. ఎడ్లబండి చక్రపు నేమిపై ఇనుప పట్టా నెక్కించుట కమ్మరి పని. అతడు ముందుగా చక్రపు చుట్టుకొలతను తీసి, పట్టాను దానికంటె ఒకింత చిన్నదిగా చేసి, నిప్పులో కాల్చి, అది వేడికి సాగియుండగనే చక్రమునకు తొడిగి నీళ్లు పోయును. చల్లారి యది బిగిసికొనును. వెడల్పు పట్టా చేతికి దొరకినదని కమ్మరి దానిని సన్నని చక్రమునకు వేయడు. పట్టా చక్రమునకు తగియుండవలెను గాని, చక్రము పట్టాకు తగియుండుట కాదు.

తరువాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చి, ఎక్కువ బరువును తక్కువ శ్రమతో లాగుటకు వీలు కలిగించినవి. వెడల్పు టైరు మేలను తలంపు మనవారికి ఆ బండ్లను చూచి కలిగియుండవచ్చును. కాని యక్కడ మారినది టైరొక్కటియే కాదు. చక్రమును, ఇరుసును కూడ మారినవి. కారునకు పాత రిమ్మునే యుంచి టైరును మాత్రము వెడల్పు చేయుట వేఱు సంగతి.

ఇక టైరు ప్రక్కగోడపై నుండు అంకెలను చదువుద��ము. మారుతి స్విఫ్ట్ కారు క్రింది తరగతులకు 165/80 ఆర్ 14 అను కొలత టైర్లు వచ్చుచుండును. ఇందు 165 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనునది ఎత్తు కాదు. వెడల్పులో నూటికి ఎన్ని పాళ్లు ప్రక్కగోడ యెత్తో తెలుపు నిష్పత్తి. ఆర్ అనగా రేడియల్, టైరు లోపలి దారముల యమరిక. 14 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఈ యొక్క వరుసలో మిల్లీమీటర్లు, పాళ్లు, అంగుళములు మూడును కలిసియుండుటచేతనే చాలమంది తికమకపడుదురు.

లెక్క చూడుడు. 165లో నూటికి 80 పాళ్లు 132 మిల్లీమీటర్లు. ఇది ఒక ప్రక్కగోడ యెత్తు. రిమ్మునకు పైన నొకటి, క్రింద నొకటి కావున 264. అంగుళమునకు 25.4 చొప్పున 14 అంగుళములు 355.6 మిల్లీమీటర్లు. రెండును కూడగా చక్రపు మొత్తము వ్యాసము 619.6 మిల్లీమీటర్లు. కారులోని వేగసూచి, గేర్లు, నేలకును అడుగుభాగమునకును నడుమ నుండు ఎడము, అన్నియు ఈ కొలతను నమ్ముకొని యున్నవి.

ఇపుడు నిష్పత్తిని మార్చక వెడల్పును మాత్రము 185 చేసితిమనుకొనుడు. ప్రక్కగోడ 148 అగును, వ్యాసము 651.6. నూటికి అయిదు పాళ్లకు మించి పెరిగినది. వేగసూచి 60 చూపునపుడు కారు నిజముగా 63 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. నిష్పత్తిని మరీ తగ్గించి 185/65 ఆర్ 14 వేసినచో వ్యాసము 596.1కి దిగును, కారు అడుగుభాగము సుమారు 12 మిల్లీమీటర్లు నేలకు దగ్గరగును. గతుకుల బాటలలో ఇది చిన్న సంగతి కాదు. అదే 185/70 ఆర్ 14 అయినచో వ్యాసము 614.6. తేడా నూటికి ఒక పాలుకూడ లేదు. వెడల్పు పెరిగినపుడు నిష్పత్తి తగ్గి, చుట్టుకొలత నిలువవలెనని తాత్పర్యము. తేడా నూటికి రెండు మూడు పాళ్లు మించకుండ చూచుకొనుట వాడుక.

ఈ సూత్రమునకు తయారీదారుడే సాక్షి. అదే స్విఫ్ట్ పై తరగతులకు 185/65 ఆర్ 15 కొలత టైర్లు వచ్చును. లెక్కించిన వ్యాసము 621.5 మిల్లీమీటర్లు, క్రింది తరగతికిని దీనికిని తేడా రెండు మిల్లీమీటర్ల లోపు. వెడల్పు పెంచినవాడు ప్రక్కగోడను తగ్గించెను, రిమ్మును పెద్దది చేసెను, చుట్టుకొలతను మాత్రము కదల్పలేదు.

చుట్టుకొలత కుదిరినంత మాత్రమున పని తీఱదు. రిమ్మునకు వ్యాసమే కాక వెడల్పుకూడ కలదు. అది రిమ్ముపై 5 జె, 5.5 జె అని అంగుళములలో ముద్రింపబడియుండును. ఒక్కొక్క టైరు కొలతకు తగిన రిమ్ము వెడల్పులను టైరు తయారీదారులు పట్టికలలో నిచ్చుచున్నారు. 185/70 ఆర్ 14 టైరు 4.5 మొదలు 6 అంగుళముల వెడల్పు గల రిమ్ములకు చెల్లును. కావున 5 అంగుళముల రిమ్మునకు సరిపోవును. 195/60 ఆర్ 14కు 5.5 అంగుళములైనను కావలెను. 5 అంగుళముల రిమ్ము చాలదు. చాలని రిమ్మునకు దానిని బలవంతముగా నెక్కించినచో ప్రక్కగోడలు కుండ కడుపువలె ఉబ్బును. నేలనంటు భాగము గుండ్రమై నడుమ మాత్రమే అరుగును. మలుపులలో కారు ప్రక్కకు ఊగును. గాలి తగ్గినపుడు టైరు అంచు రిమ్మును వదలు ప్రమాదమును కలదు. దుకాణములో ఎక్కినది గదా యని సంతోషింపరాదు. ఎక్కుట వేఱు, అమరుట వేఱు.

బరువును మఱువరాదు. కొలత ప్రక్కన 85 టి వంటి గుర్తు ఉండును. 85 అనగా ఆ టైరు 515 కిలోల వఱకు మోయగలదనియు, టి అనగా గంటకు 190 కిలోమీటర్ల వేగము వఱకు తాళగలదనియు అర్థము. క్రొత్త టైరు అంకె పాతదానికంటె తక్కువ కాగూడదు. వెడల్పు టైరు బలమైనదను భ్రమతో ఈ యంకెను చూడకుండుట తగదు.

ఇంతకును వెడల్పు టైరు నేలను ఎక్కువ పట్టుకొనునా? ఒక్కొక్క చక్రముపై 300 కిలోలు, అనగా సుమారు 660 పౌన్ల బరువు పడుచు, లోపలి గాలి చదరపు అంగుళమునకు 30 పౌన్ల ఒత్తిడితో నున్నదనుకొనుడు. నేలనంటు చోటు రమారమి 22 చదరపు అంగుళములు. బరువును గాలియు మారనిచో టైరు వెడల్పైనను ఈ వైశాల్యము పెద్దగా మారదు. ఆకారము మాత్రము మారును. నిడివి తగ్గి యడ్డము పెరుగును. పొడిగా నున్న తారురోడ్డుపై మలుపులలో దీనివలన కొంత నిలుకడ కలుగును. అంతవఱకు పిల్లల మాట నిజమే.

వానలో సంగతి వేఱు. అడ్డము పెరిగిన టైరు ఎక్కువ నీటిని ప్రక్కకు త్రోయవలసి యుండును. వేగము హెచ్చినచో నీటిని త్రోయలేక దానిపై తేలును. అపుడు స్టీరింగు త్రిప్పినను కారు వినదు. జనగామ మీదుగా పోవు హైదరాబాదు - వరంగల్లు జాతీయరహదారిపై వేగముగా పోవువారును, బొగ్గులారీలకు క్రుంగి నీరు నిలిచిన భూపాలపల్లి త్రోవలలో పోవువారును దీనిని తలచుకొనవలెను. పలుచని రేగడి బురదలో సన్నని టైరు బురదను కోసి క్రింది గట్టినేల నందుకొనును. వెడల్పుది పైననే జాఱును. పెట్రోలు ఖర్చు కొంత పెరుగుటయు, స్టీరింగు బరువగుటయు కూడ కలదు.

చట్టమును చూడుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. కారు తయారీదారుడు ఆ కారునకు ఒప్పిన కొలతలలోనే యుండుట అన్నివిధముల క్షేమము. ఆ కొలతలును, ఎంత గాలి యుండవలెనో యను వివరమును డ్రైవరు తలుపు దగ్గఱి చీటీపై గాని, కారుతో వచ్చిన పుస్తకమున గాని యుండును.

దుకాణమున కూర్చున్నపుడు ఈ పనులు చేయుడు. కొత్త కొలతను, పాత కొలతను కాగితముపై వ్రాసి రెండు వ్యాసములను లెక్కింపుడు. రిమ్ము వెడల్పును చదివించి, టైరు పట్టికలో దానికి చోటున్నదేమో చూపుమనుడు. బరువు అంకెను సరిపోల్చుడు. తయారైన వారమును సంవత్సరమును తెలుపు నాలుగంకెలు ప్రక్కగోడపై నుండును. 2324 అనగా 2024వ సంవత్సరమున 23వ వారము. ఒక ఇరుసునకు రెండు వైపుల ఒకే కొలత వేయింపుడు. స్టెప్నీ మాటకూడ అడుగుడు. బిగించిన పిమ్మట నలుగురైదుగురిని కూర్చుండబెట్టి, స్టీరింగును ఇరువైపుల చివరివఱకు త్రిప్పించి, టైరు మడ్‌గార్డునకు రాచుకొనుచున్నదేమో వంగి చూడుడు. రాచుకొన్నచో ఆ టైరు ఆ కారునకు కాదు.

మఱియొక మాట. మన వేసవి యెండలలో టైరు పగులుటకు ముఖ్యకారణములలో గాలి తక్కువగుట యొకటి. గాలి తగ్గిన టైరు అడుగడుగున నలిగి వేడెక్కును. వెడల్పుదైనను ఆ వేడికి తాళదు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో కారు టైరును వాడరాదని 1989 నాటి నియమములు చెప్పుచున్నవి. కావున సొమ్ము పరిమితముగా నున్నచో, వెడల్పునకై వ్యయము చేయుటకంటె సరియైన కొలతలో మేలురకపు టైర్లను సకాలమున వేయించి, పదునైదు దినముల కొకసారి ఉదయము బండి కదలకముందు గాలి చూపించుట ఉత్తమము. వెడల్పే కావలెనన్నచో చుట్టుకొలత, రిమ్ము, బరువు, చట్టము ఈ నాలుగును ఒప్పిన పిమ్మటనే సొమ్ము తీయుడు. వీనిలో ఒక్కటి యొప్పకున్నను వలదని చెప్పు నధికారము ఇంటి పెద్దలకు కలదు.