చేతికి పని, మనిషికి బలం



పక్షవాతం నుండి కోలుకుని ఇంటికి వెళ్ళే పెద్దవారి బంధువులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "సిస్టర్ గారూ, ఇక వీరిని ఏ పనీ చేయనివ్వకూడదు కదా?" ప్రేమతోనే అడుగుతారు. కాని పనికీ ఆరోగ్యానికీ గల సంబంధాన్ని పరిశీలించే శాస్త్రం ఒకటుంది. అదే ఆక్యుపేషనల్ సైన్స్.

ఇక్కడ ఆక్యుపేషన్ అంటే జీతం వచ్చే ఉద్యోగం మాత్రమే కాదు. స్నానం చేయడం, జడ వేసుకోవడం, బియ్యం ఏరడం, మనవడిని బడికి తీసుకెళ్ళడం, మొక్కలకు నీళ్ళు పోయడం, ఇవన్నీ ఆక్యుపేషన్లే.

పనితో చికిత్స చేయడం పాత పద్ధతే. అమెరికాలో సూజన్ ట్రేసీ అనే నర్సు రోగుల చేత చేయించదగిన పనుల గురించి 1910లో పుస్తకం రాశారు. 1917లో అక్కడ ఆక్యుపేషనల్ థెరపీకి ఒక సంఘం ఏర్పడింది. మన దేశంలో 1950లో కమలా నింబ్కర్ గారు బొంబాయిలో ఈ శిక్షణను ప్రారంభించారు.

ఈ చికిత్సకు పునాదిగా ఉండే శాస్త్రం ఆ తరువాత వచ్చింది. 1989లో లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ యెర్క్సా, ఆమె సహచరులు ఈ విషయంలో పిహెచ్.డి. చదువు ప్రారంభించారు. 1993లో ఆస్ట్రేలియాలో ఆన్ విల్కాక్ దీనికొక పరిశోధన పత్రికను స్థాపించారు.

లాస్ ఏంజెలెస్‌లోనే 60 ఏళ్ళు దాటిన 361 మందిపై చేసిన పరిశోధన 1997లో వెలువడింది. వారిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు తమకు విలువైన పనులను దినచర్యలో ఎలా అమర్చుకోవాలో థెరపిస్టుల దగ్గర తొమ్మిది నెలలు నేర్చుకుంది. రెండవ గుంపు కలిసి కాలక్షేపం చేసింది. మూడవ గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఆరోగ్యంలోనూ, జీవితంపై తృప్తిలోనూ మొదటి గుంపుకే మేలు కనిపించింది. అంటే వట్టి కాలక్షేపం చాలదన్నమాట.

ఇప్పుడీ శాస్త్రం ఆసుపత్రి గడప దాటుతోంది. జైళ్ళలో, శరణార్థి శిబిరాలలో ఉన్నవారికీ, వికలాంగులకూ అర్థవంతమైన పని ఎందుకు అందడం లేదని అడుగుతోంది. పనిని ఒక్క మనిషి ఇష్టంగానే చూడక, కుటుంబంతో, ఊరితో కలిపి చూడాలని వివిధ దేశాల పండితులు కోరుతున్నారు. ఉమ్మడిగా బ్రతికే మనకు ఇది తెలిసిన సంగతే.

కాబట్టి మీ ఇంటి పెద్దవారి చేతిలోని పనంతా లాగేసుకోకండి. ఏ పని చేయవచ్చో ముందుగా డాక్టరు గారిని, థెరపిస్టును అడగండి. పడిపోయే ప్రమాదం, పొయ్యి దగ్గర ప్రమాదం లేకుండా చూడండి. తరువాత కూర్చుని చేసే పని ఒకటి వారికి అప్పగించండి. చిక్కుడుకాయలు ఒలవడానికి అరగంట పట్టినా పట్టనివ్వండి. ఆ అరగంటలో వారు రోగి కారు, ఇంటికి కావలసిన మనిషి.