కాల్పులకు జవాబు చెప్పేదెవరు?

నరసన్నపేట: ఈ ఊరి మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే జాతీయ రహదారి ప్రాంతంలో ఎనిమిది నెలలు తిరగకుండానే రెండుసార్లు పోలీసు తుపాకులు పేలాయి. 2010 జులై 14న సోంపేట వద్ద ఇద్దరు, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి వద్ద కనీసం ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా తగాదా ఒకటే. బీల, తంపర భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జనం మొరపెట్టుకున్నారు.

గుంపు మీదికొస్తుంటే ఆలోచించే వ్యవధి ఎక్కడిదని పోలీసుల తరఫున ప్రతిసారీ అడుగుతారు. కొట్టివేయదగిన మాట కాదు. రాళ్లు పడుతుండగా కానిస్టేబులు చట్టం పుస్తకం తిరగవేయలేడు. ఆత్మరక్షణ హక్కు అతనికీ ఉంది. కాని అవసరానికి మించి హాని చేయరాదని ఆ చట్టమే చెబుతోంది. ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు కావాలని 2009 ఫిబ్రవరి 6న ఎన్‌కౌంటర్ల కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది.

గుంపును చెదరగొట్టడానికి జరిపే కాల్పుల సంగతి వేరు. చెదిరిపొమ్మని ఆజ్ఞాపించవలసింది మేజిస్ట్రేటు, లేదా ఎస్.ఐ. హోదాకు తగ్గని పోలీసు అధికారి. అప్పట్లో ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షను. సదుద్దేశంతో వ్యవహరించిన వారికి రక్షణ ఉంది. ప్రభుత్వ అనుమతి లేనిదే కేసు నడవదు. అడిగితే కింది ఉద్యోగి పైవారి ఆజ్ఞను చూపిస్తాడు, పై అధికారి ఆ క్షణాన్ని చూపిస్తాడు!

అయితే ఎంతమంది పోలీసులను దింపాలి, వారి చేతికి లాఠీ ఇవ్వాలా తుపాకి ఇవ్వాలా అన్నవి క్షణంలో తేలే విషయాలు కావు. ఆఫీసులో కూర్చుని ముందుగా తేల్చేవి. సోంపేట ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ కాల్పులు జరిగిన ఆ వారంలోనే రద్దు చేసింది. కాకరాపల్లిలోనూ కాల్పుల వెంటనే పనులు ఆపాలని కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశించింది. ఆ కాగితాలేవో నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే ఆ ఇళ్లలో ఏడుపులు ఉండేవి కావు.

పోలీసు కాల్పుల్లో ఎవరు చనిపోయినా మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అని, ఎన్‌కౌంటరు మరణాలపై దర్యాప్తు సి.ఐ.డి. లేదా వేరే స్టేషను పోలీసులు చేయాలని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న నిర్దేశించింది. అప్పటికి సోంపేట కాల్పులు జరిగి నాలుగేళ్లు దాటింది.